శాంతి ఒప్పందం తర్వాత ఎవరి సేన ఎక్కడ ఉండాలి? వార్‌గేమ్ ఆడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"ఒప్పందానికి ఇద్దరం ఒప్పుకున్నాం. కానీ నా మూడు దళాలు ఇంకా వియన్నా చుట్టూ ఉన్నాయి. వచ్చే టర్న్‌లో అక్కడే ఉంచొచ్చా? అక్కడి నుంచి ఇంకొకరి మీదికి వెళ్లొచ్చా?" నెపోలియన్ కాలపు క్యాంపెయిన్లు ఆడే మిత్రులు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే.

మా గ్రూపులో ఒక ఆదివారం ప్రాగ్ దగ్గరున్న ఒకే ఒక్క దళం వల్ల మూడు గంటలు ఆట ఆగిపోయింది. ఒప్పందంలో రాసింది ఒక్కటే వాక్యం: "ఈ టర్న్ నుంచి ఆస్ట్రియా, ఫ్రాన్స్ మధ్య యుద్ధం లేదు." ఫ్రాన్స్ ఆడుతున్న మిత్రుడు తన దళాన్ని ప్రాగ్ ఉన్న ఆస్ట్రియా ప్రాంతం బొహీమియాలోనే ఉంచి, మరుసటి టర్న్‌లో అక్కడి నుంచే ప్రష్యా మీదికి వెళ్లాడు. ఆస్ట్రియా ఆడుతున్నతనికి చాలా బాధ కలిగింది. నిజానికి అందులో ఎవరి మోసమూ లేదు. యుద్ధం ఆగిందని రాసుకున్నాం కానీ, సేనలు ఎక్కడ ఉండాలో రాసుకోలేదు. ఆ రెండూ వేర్వేరు విషయాలు, వేర్వేరు వాక్యాలుగా రాయాలి.

ఈ మార్గదర్శి టేబుల్ మీద మ్యాప్ పరిచి ఆడే ఆటల కోసం: నెలకో టర్న్, ప్రాంతాలుగా విడగొట్టిన మ్యాప్, దళానికో కౌంటర్ (మ్యాప్ మీద జరిపే బిళ్ల), ఐదారుగురు ఆటగాళ్లు, వీలైతే ఒక అంపైర్. ఉదాహరణకు 1805 చివరి పరిస్థితిని తీసుకుంటాను. డిసెంబర్ 2న ఆస్ట్రియా, రష్యా ఒక వైపు, ఫ్రాన్స్ ఇంకో వైపు ఆస్టర్‌లిట్జ్ యుద్ధం జరిగింది. డిసెంబర్ 26న ఆస్ట్రియా ప్రెస్‌బర్గ్‌లో ఫ్రాన్స్‌తో శాంతి ఒప్పందం చేసుకుంది. రష్యా చేసుకోలేదు. ఫ్రెంచి సేనలు వియన్నాలో ఉన్నాయి, ఓడిన రష్యా సేన కూడా ఆస్ట్రియా నేల మీదే ఉంది. ఆటలో మనకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్క సందర్భంలో దొరుకుతాయి.

## 1. ముందుగా రూల్‌బుక్‌లో వెతకాల్సినవి

హౌస్ రూల్ (మీ గ్రూపు సొంతంగా పెట్టుకునే నియమం) రాసే ముందు మీ ఆట రూల్‌బుక్ తీసి ఈ ప్రశ్నలకు జవాబులు వెతకండి. జవాబు ఉంటే పేజీ నంబర్ రాసుకోండి. లేకపోతే "లేదు" అని రాసుకోండి. ఆ "లేదు" అన్న చోట్లే మీరు నియమం రాయాలి.

- శాంతి ఎప్పటి నుంచి అమలవుతుంది? సంతకం చేసిన క్షణం నుంచా, టర్న్ చివర్లోనా, తర్వాతి టర్న్ మొదట్లోనా?
- తటస్థ దేశంలోకి అనుమతి లేకుండా అడుగు పెడితే అది యుద్ధ ప్రకటన కిందికి వస్తుందా?
- సరఫరా దారి (దళానికి తిండి, సామగ్రి వచ్చే దారి) తటస్థ ప్రాంతం గుండా గీయవచ్చా?
- ఒకే ప్రాంతంలో పాత శత్రువుల దళాలు రెండూ ఉండవచ్చా?
- చిక్కుకుపోయిన దళాన్ని ఏం చేయాలి?

రూల్‌బుక్ స్పష్టంగా చెప్పిన దాన్ని ఆట మధ్యలో మార్చకండి. మార్చాలనిపిస్తే కొత్త క్యాంపెయిన్ మొదలయ్యే రోజు, ఇంకా ఎవరూ గెలుపు ఓటముల్లో లేనప్పుడు మార్చండి. ఓడిపోతున్నప్పుడు వచ్చే ప్రతిపాదన ఎంత మంచిదైనా మిగతావాళ్లకు అనుమానంగానే ఉంటుంది.

## 2. "ప్రవేశం" అనే ఒక్క మాటను నాలుగు హక్కులుగా విడగొట్టండి

ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. "నీకు నా దేశంలో ప్రవేశం ఉంది" అని ఒకరు అంటారు. ఆ మాటను ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. పక్కవాడి పొలం గట్టు మీద నడిచే హక్కు వేరు, ఆ పొలంలో పాక వేసుకునే హక్కు వేరు, అతని బావిలో నీళ్లు తోడుకునే హక్కు వేరు. సేనల విషయమూ అంతే.

దారి హక్కు. దళం ఆ దేశం గుండా వెళ్లవచ్చు. కదలగలిగి కూడా ఒక ప్రాంతంలో ఆగిపోకూడదు. ఏ ప్రాంతంలో అడుగు పెట్టి, ఏ ప్రాంతం నుంచి బయటికి పోవాలో ముందే చెప్పాలి.

మకాం హక్కు. దళం ఒక చోట నిలిచి ఉండవచ్చు. ఈ హక్కు ఇచ్చేటప్పుడు ఏ ఊరు, ఎన్ని దళాలు, ఎన్నాళ్లు, ఖర్చు ఎవరిది అనే నాలుగూ రాయాలి. తెలుగువాళ్లకు దీని బరువు చెప్పనక్కర్లేదు. 1798లో నిజాం ఈస్ట్ ఇండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం కంపెనీ బెటాలియన్లు హైదరాబాద్ రాజ్యంలో శాశ్వతంగా మకాం వేశాయి, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు కింద 1800లో కడప, బళ్లారి వైపు జిల్లాలు కంపెనీకి వెళ్లిపోయాయి. మనం దత్తమండలాలు అంటున్నది వాటినే. ఆటలో గడువు లేకుండా మకాం హక్కు ఇచ్చే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

సరఫరా హక్కు. దళం అక్కడ లేకపోయినా, దాని సరఫరా దారి ఆ దేశం గుండా పోవచ్చు. దీన్ని విడిగా రాయకపోతే పెద్ద ఇబ్బంది వస్తుంది. దారి హక్కు ఉంది కదా అని ఆస్ట్రియా దాటి వెళ్లిన దళం, వెనక సరఫరా తెగి ఒక్క టర్న్‌లో సగమైపోతుంది.

రేవు హక్కు. నౌకాదళం రేవులో ఆగవచ్చు. ఓడలో ఉన్న సైన్యం దిగవచ్చా లేదా అన్నది ఇందులోనే చెప్పాలి. నా సలహా: "దిగవచ్చు" అని ప్రత్యేకంగా రాయకపోతే దిగకూడదనే లెక్క.

మీ గ్రూపులో ఇకపై "ప్రవేశం" అనే మాటను ఒప్పందాల్లో వాడకండి. ఈ నాలుగింటిలో ఏది ఇస్తున్నారో ఆ పేరే రాయండి. ఈ మార్గదర్శిలో ఇంకేమీ పాటించకపోయినా ఇది ఒక్కటి పాటిస్తే సగం వాదనలు తగ్గుతాయి.

## 3. సేనల పట్టిక తయారు చేయండి

బేరసారాలు మొదలయ్యే ముందు మ్యాప్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత సొంత దేశం బయట ఉన్న ప్రతి దళాన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో దళానికి ఒక్కో వరుస: ఎవరిది, ఎక్కడుంది, ఏం చేస్తోంది, సొంత లేదా మిత్రదేశం సరిహద్దుకు ఎన్ని ప్రాంతాల దూరం.

మన ఉదాహరణలో ఇలా ఉంటుందనుకోండి:

- ఫ్రాన్స్ మొదటి దళం: వియన్నా, నగరంలో కాపలా, ఫ్రాన్స్ మిత్రదేశం బవేరియా సరిహద్దుకు 3 ప్రాంతాలు
- ఫ్రాన్స్ రెండో దళం: బ్రూన్, మైదానంలో, 5 ప్రాంతాలు
- ఫ్రాన్స్ మూడో దళం: గ్రాజ్, మైదానంలో, 4 ప్రాంతాలు
- బవేరియా దళం: ఇన్స్‌బ్రూక్, కోటలో, 1 ప్రాంతం
- రష్యా దళాలు రెండు: మొరావియా తూర్పు భాగం, వెనక్కి తగ్గుతున్నాయి, రష్యా సరిహద్దుకు 4 ప్రాంతాలు

మర్చిపోయేవి సాధారణంగా ఇవి: ముట్టడిలో చిక్కుకున్న కోటలోని చిన్న కాపలా దళం, ఓడల్లో ఉన్న సైన్యం, మిత్రదేశం దళం కింద కలిసిపోయిన కౌంటర్లు, సరఫరా డిపోలు. డిపో సైన్యం కాదు కదా అని వదిలేయకండి. "సేనలు వెళ్లిపోవాలి" అని రాసి డిపో గురించి రాయకపోతే, దాని యజమాని అది అక్కడే ఉంటుందంటాడు.

## 4. ముందు సరిహద్దు గీయండి, తర్వాత సేనల సంగతి

"ఫ్రాన్స్, దాని మిత్రుల సేనలు ఆస్ట్రియాను ఖాళీ చేయాలి." వినడానికి స్పష్టంగానే ఉంది. కానీ ఏ ఆస్ట్రియా? ప్రెస్‌బర్గ్ ఒప్పందంలో ఆస్ట్రియా వెనీషియాను ఇటలీ రాజ్యానికి, టైరోల్‌ను బవేరియాకు వదులుకుంది. పాత సరిహద్దు ప్రకారం ఇన్స్‌బ్రూక్‌లోని బవేరియా దళం వెళ్లిపోవాలి. కొత్త సరిహద్దు ప్రకారం అది తన సొంత ఊళ్లోనే ఉంది.

అందుకే ఒప్పందంలో చేతులు మారే ప్రాంతాల జాబితా మొదటి అంశంగా రాయండి. మ్యాప్ మీద జెండా గుర్తులు శాంతి అమల్లోకి వచ్చాకే మారతాయి, కానీ కొత్త సరిహద్దు ఏదో అప్పుడే తేల్చుకోండి. ఆ తర్వాత సేనల పట్టిక మళ్లీ చూడండి. కొన్ని వరుసలు కొట్టేయాల్సి వస్తుంది, కొన్ని కొత్తగా చేరతాయి. ప్రాంతాన్ని వదులుకున్న దేశపు కాపలా దళాలు ఇప్పుడు పరాయి నేల మీద ఉంటాయి, వాటికీ గడువు కావాలి.

సరిహద్దు మారకపోతే తేదీ ఆధారంగా రాయడం సులువు. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో భారత్, పాకిస్తాన్ అలాగే రాసుకున్నాయి: 1965 ఆగస్టు 5కు ముందు ఎవరి సైన్యం ఎక్కడ ఉండేదో అక్కడికి, 1966 ఫిబ్రవరి 25లోపు తిరిగి వెళ్లాలి. వెనక్కి వెళ్లాల్సిన చోటుకు ఒక తేదీ, పని పూర్తి కావడానికి ఒక తేదీ. ఆటలో దీన్ని "పన్నెండో టర్న్ మొదట్లో ఉన్న చోటికి, పదిహేనో టర్న్ చివరిలోపు" అని రాయవచ్చు. పాత టర్న్ ఫొటో ఉంటేనే ఇది పనికొస్తుంది. ప్రతి టర్న్ చివర మ్యాప్ ఫొటో తీయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

## 5. టర్న్‌లో ఏది ముందు, ఏది తర్వాత

కాల్పుల విరమణ, శాంతి, సేనల ఉపసంహరణ మూడూ ఒకే క్షణంలో జరగవు. వాటికి ఈ వరుస పెట్టుకోండి.

1. ఇద్దరు ఆటగాళ్లు విరమణ ప్రకటిస్తారు. ఆ క్షణం నుంచి ఒకరి మీద ఒకరు దాడి చేయకూడదు, ముట్టడి పాచికలు వేయకూడదు. దళాలు ఉన్నచోటే ఉంటాయి.
2. దౌత్య దశలో ఒప్పందం రాసి, అందరి ముందూ చదివి, సంతకం చేస్తారు.
3. శాంతి తర్వాతి టర్న్ మొదట్లో అమల్లోకి వస్తుంది. అప్పుడే సరిహద్దులు మారతాయి.
4. ఆ టర్న్ నుంచి ఉపసంహరణ గడువు లెక్క మొదలవుతుంది.
5. ఆఖరి దళం దాటిన టర్న్‌లో అంపైర్ "ఖాళీ పూర్తి" అని ప్రకటిస్తాడు. అప్పటితో తాత్కాలిక హక్కులన్నీ రద్దవుతాయి.

మూడో అంశం చాలా ముఖ్యం. సంతకం చేసిన క్షణమే శాంతి అంటే, ఆ టర్న్‌లో ముందే కదిలిన ఆటగాడికీ ఇంకా కదలని ఆటగాడికీ పెద్ద తేడా వస్తుంది. కదిలే వరుసలో చివర ఉన్నవాడు అనవసరంగా లాభపడతాడు. టర్న్ మొదట్లో అమలు అంటే అందరికీ సమానం.

## 6. గడువు లెక్క కట్టే పద్ధతి

"వీలైనంత త్వరగా" అని ఎప్పుడూ రాయకండి. లెక్క ఇలా కట్టండి.

పట్టికలో అందరికన్నా దూరంగా ఉన్న దళాన్ని చూడండి. మన ఉదాహరణలో బ్రూన్‌లోని దళానికి 5 ప్రాంతాలు. దళం టర్న్‌కు 3 ప్రాంతాలు కదులుతుందనుకుంటే 2 టర్న్‌లు చాలు. కానీ ఇది చలికాలం. చలికాలంలో టర్న్‌కు 2 ప్రాంతాలే అయితే 3 టర్న్‌లు కావాలి. దానికి ఒక టర్న్ కలపండి, 4 అవుతుంది. ఆ అదనపు టర్న్ దయతో ఇచ్చేది కాదు. ఒకే ప్రాంతంలో రెండు దళాలకు మించి పట్టని ఆటల్లో మూడు దళాలు ఒకే దారిన వస్తే ఆఖరిది ఒక టర్న్ ఆగక తప్పదు.

దూరాన్ని బట్టి గడువు మార్చడం నిజ చరిత్రలోనూ ఉంది. ఆస్టర్‌లిట్జ్ తర్వాత డిసెంబర్ 6న కుదిరిన విరమణలో రష్యా సేన మొరావియా, హంగేరీలను 15 రోజుల్లో, గలీషియాను నెలలో వదలాలని రాశారు. 1802లో బ్రిటన్, ఫ్రాన్స్ మధ్య కుదిరిన అమియెన్స్ ఒప్పందంలో యూరప్‌కు నెల, అమెరికా, ఆఫ్రికా ప్రాంతాలకు మూడు నెలలు, ఆసియాకు ఆరు నెలలు ఇచ్చారు. మీ ఆటలో వలసలూ సముద్రాలూ ఉంటే ఈ మూడంచెల పద్ధతిని అలాగే తీసుకోండి, బాగా నడుస్తుంది.

గడువు రాసేటప్పుడు "4 టర్న్‌లు" అని కాకుండా "పద్దెనిమిదో టర్న్ చివరి వరకు" అని రాయండి. "నాలుగు టర్న్‌లు అంటే ఈ టర్న్‌తో కలిపా, కాకుండానా" అనే ప్రశ్న మా దగ్గర రెండుసార్లు వచ్చింది.

## 7. దారి పేర్లు రాయండి

వెళ్లిపోయే దళం ఏ ప్రాంతాల గుండా పోవాలో పేర్లతో రాయండి. దగ్గరి దారినే ఇవ్వాలని లేదు, కానీ ఇచ్చిన దారి నిజంగా నడవగలిగేదై ఉండాలి. ఆ దారిలో మూడో దేశం దళం అడ్డుగా ఉంటే అది దారే కాదు.

ఈ దారి మీద మూడు షరతులు నేను ఎప్పుడూ పెడతాను:

- ప్రతి టర్న్‌లో సరిహద్దుకు దగ్గరవ్వాలి, దూరం జరగకూడదు.
- దారిలో కొత్త సైనికులను చేర్చుకోకూడదు, కొత్త డిపో పెట్టకూడదు.
- ఆహారం సొంత డిపో నుంచి. డిపో లేకపోతే ఆతిథ్య దేశం ఇస్తుంది, దాని ధర ఒప్పందంలోనే ఉంటుంది.

మూడోది రాయకపోతే దళం స్థానికంగా ఆహారం సేకరించే పాచిక వేయాల్సి వస్తుంది. శాంతి వచ్చాక కూడా ఆస్ట్రియా ఊళ్లు నష్టపోతాయి, లేదా ఫ్రాన్స్ సైనికులు ఆకలితో చస్తారు. రెండూ శాంతి స్ఫూర్తికి విరుద్ధం.

## 8. మూడో దేశం ఉన్నప్పుడు

అసలు కష్టం ఇక్కడుంది, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

ఆస్ట్రియా, ఫ్రాన్స్ శాంతి చేసుకున్నాయి. ఫ్రాన్స్, రష్యా ఇంకా యుద్ధంలో ఉన్నాయి. రెండింటి సేనలూ ఆస్ట్రియాలో ఉన్నాయి. ఆస్ట్రియా ఇప్పుడు తటస్థం. నిన్నటి వరకు రష్యా దానికి మిత్రదేశం. ఫ్రాన్స్ దళం వెళ్లిపోతూ దారిలో రష్యా దళాన్ని చూస్తే దాడి చేయవచ్చా? రష్యా దళం చేయవచ్చా? ఆస్ట్రియాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మీ గ్రూపు ఈ మూడింటిలో ఒకటి ముందే ఎంచుకోవాలి.

పద్ధతి అ: రక్షణలో ఉపసంహరణ. తటస్థమైన దేశంలో గడువు ముగిసే వరకు ఎవరూ ఎవరి మీదా దాడి చేయకూడదు. వెళ్లిపోతున్న సేనలకు ఇది పూర్తి రక్షణ. అందరికీ అర్థమవుతుంది, గొడవ తక్కువ. లోపం ఏమిటంటే, చావుదెబ్బ తిన్న రష్యా సేన హాయిగా తప్పించుకుంటుంది. గెలిచినవాడికి అది మింగుడుపడదు.

పద్ధతి ఆ: ఇద్దరికీ ఒకే హక్కు. ఒకరికి దారి హక్కు ఇస్తే, యుద్ధంలో ఉన్న ఎదుటివాడికీ అదే హక్కు దానంతటదే వస్తుంది. ఇద్దరూ అక్కడ పోరాడుకోవచ్చు. తటస్థ దేశం నేల నలిగిపోతుంది కాబట్టి, అది హక్కు ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచిస్తుంది.

పద్ధతి ఇ: ఒప్పందంలోనే తేల్చడం. శాంతి సంతకం చేసే దేశం తన మాజీ మిత్రుడి సేనను ఫలానా టర్న్‌లోపు పంపిస్తానని మాట ఇస్తుంది. డిసెంబర్ 6 విరమణలో జరిగింది ఇదే. రష్యా సేన వెళ్లిపోవడం ఆస్ట్రియాకు పెట్టిన షరతు.

నేను మొదటిసారి ఆడేవాళ్లకు అ, అనుభవం ఉన్నవాళ్లకు ఇ చెబుతాను. ఇ లో ఒక జాగ్రత్త కావాలి. రష్యా ఆటగాడు ఆ ఒప్పందంలో సంతకం చేయలేదు. అతను వెళ్లనంటే ఆస్ట్రియా ఏం చేయాలి? ఒప్పందంలో ఈ వాక్యం తప్పక ఉండాలి: "గడువులోపు రష్యా దళం వెళ్లకపోతే, ఆ దళం ఉన్న ప్రాంతంలోకి మాత్రమే ఫ్రాన్స్ వెళ్లవచ్చు, అది ఆస్ట్రియా మీద యుద్ధం కాదు." ఈ వాక్యం లేకపోతే రష్యా మొండితనానికి ఆస్ట్రియా శిక్ష అనుభవిస్తుంది.

రష్యా ఆటగాడికి కూడా న్యాయం జరగాలి. అతని పరోక్షంలో అతని సేన గడువు నిర్ణయిస్తున్నారు కనుక, ఆ గడువు ఈ మార్గదర్శి ఆరో భాగంలోని లెక్కకన్నా తక్కువగా ఉండకూడదని నియమం పెట్టండి. నడిచి దాటలేని గడువు ఇచ్చి ఒక సేనను పట్టుకోవడం గెలుపు కాదు.

## 9. కోటలు, డబ్బు, జమానతు

ఓడినవాడు నష్టపరిహారం వాయిదాల్లో కడతానంటే, గెలిచినవాడు కొన్ని కోటల్లో దళాలు ఉంచుతానంటాడు. న్యాయమైన బేరమే. కానీ ఎంత డబ్బో రాయకుండా మకాం హక్కు ఇస్తే ఏమవుతుందో ప్రష్యాను చూడండి. 1807 జూలైలో ఫ్రాన్స్‌తో టిల్సిట్ శాంతి చేసుకున్నాక, జూలై 12న కోనిగ్స్‌బర్గ్‌లో ఫ్రెంచి సేనల ఉపసంహరణ మీద ఒడంబడిక రాశారు. పరిహారం చెల్లించాక వెళ్తామన్నారు. పరిహారం ఎంతో రాయలేదు. ఆ మొత్తం 1808 సెప్టెంబర్‌లో గానీ తేలలేదు, 14 కోట్ల ఫ్రాంకులుగా. అప్పుడు కూడా ఓడర్ నది మీది స్టెట్టిన్, కుస్ట్రిన్, గ్లోగౌ కోటలు ఫ్రెంచి దళాల చేతిలోనే ఉండిపోయాయి.

దీనికి ఎదురుగా 1871 మే 10 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందం ఉంది. 500 కోట్ల ఫ్రాంకులు అని అంకె రాశారు. వాయిదాలు కడుతున్న కొద్దీ జర్మన్ సేనలు జిల్లాల వారీగా వెనక్కి తగ్గాయి. ఫ్రాన్స్ త్వరగా కట్టేసింది, 1873 సెప్టెంబర్‌కల్లా ఆఖరి జర్మన్ సైనికుడు వెళ్లిపోయాడు. నెపోలియన్ ఓడాక, 1815 నవంబర్ 20 నాటి పారిస్ ఒప్పందంలో ఫ్రాన్స్‌లో మకాం వేసే విజేతల సేనల సంఖ్య కూడా రాశారు: లక్షన్నర మంది, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు, మూడేళ్లకు పునరాలోచన. ఆ పునరాలోచన వల్లే 1818లో ఉపసంహరణ జరిగింది.

ఆటకు పనికొచ్చే రూపం ఇది:

- ఏ కోటలు, ఒక్కో కోటలో గరిష్ఠంగా ఎన్ని దళాలు
- మొత్తం ఎంత, ఒక్కో వాయిదాకు ఏ కోట ఖాళీ అవుతుంది
- డబ్బు కట్టినా కట్టకపోయినా ఆఖరి గడువు ఏ టర్న్
- ఆ కోట నుంచి మూడో దేశం మీదికి దాడి చేయవచ్చా, లేదా

చివరి ప్రశ్నకు జవాబు "లేదు" అని రాయించుకోండి. నేను ఓడినవాడి తరఫున మాట్లాడుతున్నానని అనుకోవద్దు. గెలిచినవాడికి కూడా, కోటలో కూర్చున్న దళం మూలంగా ఓడిన దేశం కొత్త యుద్ధంలోకి లాగబడితే వాయిదాలు ఆగిపోతాయి.

## 10. గడువు దాటితే

శిక్ష మెట్లుగా ఉండాలి. ఒక్కసారిగా దళాన్ని మ్యాప్ మీద నుంచి తీసేస్తే ఆటగాడి మనసు విరిగిపోతుంది. అసలు శిక్షే లేకపోతే గడువుకు విలువ ఉండదు.

1. గడువు దాటిన మొదటి టర్న్: దళం దాడి చేయకూడదు, ముట్టడి చేయకూడదు. అంపైర్ దాన్ని దగ్గరి దారిన కదుపుతాడు.
2. రెండో టర్న్: సరఫరా లేనట్టు లెక్క, నష్టం పాచిక వేయాలి.
3. మూడో టర్న్: ఆయుధాలు అప్పగించినట్టు. సైనికులు ఇంటికి చేరతారు, దళం కౌంటర్ మూడు టర్న్‌ల తర్వాత సొంత రాజధానిలో తిరిగి వస్తుంది.

ఆలస్యానికి కారణం ఎదుటివాడే అయితే, అంటే ఇచ్చిన దారిని అతనే మూసేస్తే, ఆలస్యమైనన్ని టర్న్‌లు గడువు పొడిగించాలి. ఈ ఒక్క వాక్యం మర్చిపోతే కొందరు కావాలనే దారికి అడ్డంగా నిలబడతారు.

## 11. కాపీ చేసుకోదగిన నమూనా

ఖాళీలు నింపి వాడుకోండి:

"ఒకటి. ఈ శాంతి ___ టర్న్ మొదట్లో అమల్లోకి వస్తుంది. రెండు. ___ ప్రాంతాలు ___ దేశానికి చెందుతాయి. మూడు. జతచేసిన పట్టికలోని దళాలు, డిపోలు ___ టర్న్ చివరిలోపు ___, ___, ___ ప్రాంతాల గుండా వెళ్లిపోవాలి. నాలుగు. అప్పటి వరకు వాటికి దారి హక్కు, సరఫరా హక్కు ఉంటాయి, మకాం హక్కు లేదు. ఐదు. ___ కోటలో ___ దళం ___ టర్న్ వరకు ఉండవచ్చు. అక్కడి నుంచి ఎవరి మీదా దాడి చేయకూడదు. ఆరు. ఈ ఒప్పందంలో లేని దేశాల సేనలకు పద్ధతి ___ వర్తిస్తుంది. ఏడు. రాయని హక్కు ఇవ్వని హక్కే."

ఏడో వాక్యాన్ని ఎవరు వద్దన్నా తీసేయకండి.

## 12. తరచూ జరిగే తప్పులు

మిత్రుడి సేనను మర్చిపోవడం. "ఫ్రాన్స్ సేనలు" అని రాస్తే బవేరియా, ఇటలీ దళాలు రావు. దేశాల పేర్లు అన్నీ రాయండి, లేదా పట్టికనే ఆధారం చేయండి.

మూడోవాడి చేతిలో ఉన్న షరతు. అమియెన్స్ ఒప్పందంలో మాల్టా దీవిని బ్రిటన్ మూడు నెలల్లో వదలాలని రాశారు. దానితో పాటు ఇతర పెద్ద దేశాల హామీలు, నేపుల్స్ సైనికుల కాపలా లాంటి ఏర్పాట్లు కూడా చేర్చారు. బ్రిటన్ వదల్లేదు, 1803 మేలో మళ్లీ యుద్ధం వచ్చింది. మీ ఒప్పందంలో ఉపసంహరణ సంతకం చేసినవాళ్ల చేతిలో ఉన్న పని మీద మాత్రమే ఆధారపడాలి.

పాత హక్కులు రద్దు చేయకపోవడం. యుద్ధానికి ముందు ఇచ్చిన దారి హక్కు ఇంకా ఉందా? "గతంలో ఇచ్చిన హక్కులన్నీ రద్దు" అని రాయండి, కావాల్సినవి మళ్లీ ఇవ్వండి.

నోటిమాట. టీ తాగుతూ ఒప్పుకున్నది టేబుల్ దగ్గరికి వచ్చేసరికి మారిపోతుంది. ఎవరి తప్పూ కాదు. కాగితం మీద లేనిది లేదు.

## 13. కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు రెండు మాటలు

అక్కడ నియమం గేమే అమలు చేస్తుంది, కాబట్టి మీ పని సంతకం ముందు సేనలను సర్దుకోవడం. యూరోపా యూనివర్సాలిస్ 4లో శాంతి కుదిరేసరికి అనుమతి లేని దేశంలో ఉన్న సైన్యానికి నల్ల జెండా పడుతుంది. ఇంటికి చేరే వరకు దానికి పోరాడే వీలుండదు. రెండు యుద్ధాలు ఒకేసారి నడుస్తుంటే మొదటిది ముగించే ముందు సైన్యాన్ని సొంత నేలకో, అనుమతి ఉన్న నేలకో తెచ్చుకోండి. సివిలైజేషన్ 6లో శాంతి తర్వాత ఎదుటివారి సరిహద్దులోని మీ యూనిట్లను గేమ్ బయటికి పంపేస్తుంది. అవి ఎక్కడ తేలతాయో మీ చేతిలో ఉండదు, ముందే వెనక్కి రప్పించడం మేలు.

## 14. సంతకానికి ముందు చివరి పరీక్ష

ఒప్పందం రాశాక వెంటనే సంతకం చేయకండి. పది నిమిషాలు తీసుకోండి.

- పట్టికలోని ప్రతి దళానికీ ఒప్పందంలో జవాబు ఉందా?
- ప్రతి గడువూ టర్న్ నంబర్‌తో ఉందా?
- ప్రతి దారీ పేర్లతో ఉందా, నడవగలిగేదేనా?
- మూడో దేశానికి పద్ధతి ఎంచుకున్నారా?
- డిపోలు, ఓడలు, చిన్న కాపలా దళాలు చేరాయా?
- గడువు దాటితే ఏమిటో రాశారా?

తర్వాత ఇద్దరు ఆటగాళ్లనూ విడివిడిగా అడగండి: "వచ్చే టర్న్ చివర బ్రూన్‌లోని దళం ఎక్కడుంటుంది?" ఎవరికి వారు కాగితం మీద రాసి అంపైర్‌కు ఇవ్వాలి. ప్రతి దళానికీ ఇలాగే. రెండు కాగితాల్లో ఒక్క దళానికైనా వేర్వేరు ఊళ్లు కనిపిస్తే, సంతకం ఆపి ఆ దళం గురించిన వాక్యాన్ని మళ్లీ రాయండి.